అంతరిక్ష యుద్ధం మధ్యలో మందుగుండు అందించడం ఎలా: సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

అంతరిక్ష యుద్ధాల కథల్లో చాలా నౌకలకు అక్షయ తూణీరాలు ఉన్నట్టే కనిపిస్తుంది. మిస్సైళ్లు పదుల కొద్దీ వెళ్తూనే ఉంటాయి, ఫిరంగులు పేలుతూనే ఉంటాయి. ముప్పయ్యో పేజీలో ఎన్ని గుండ్లు ఉన్నాయో మూడువందలో పేజీలోనూ అన్నే ఉంటాయి. ఎక్కడో ఒకచోట పాఠకుడికి అనుమానం వస్తుంది. వచ్చాక ఇక ఏ దాడికీ అతనికి టెన్షన్ పుట్టదు.

మందుగుండు అయిపోవడం, మళ్లీ నింపుకోవడం అనే రెండు విషయాలకూ కథలో చోటిస్తే యుద్ధం తీరే మారిపోతుంది. నింపుకుంటున్న నౌకది కుంగిన రథచక్రాన్ని ఎత్తుతున్న కర్ణుడి పరిస్థితి. విల్లు చేతిలో లేదు, రథం కదలదు, ఎదుటివాడు ఆగడు. ఆ కొద్ది నిమిషాలను నమ్మకంగా ఎలా రాయాలో మెట్టు మెట్టుగా చెబుతాను. దీనికి కావలసిన లెక్కలు హైస్కూలు భౌతికశాస్త్రం దాటవు.

1. యుద్ధం ఎంతసేపు సాగుతుందో తేల్చుకోండి

అంతరిక్షంలో రెండు దళాలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి దాటిపోవచ్చు. వాటి సాపేక్ష వేగం సెకనుకు 20 కి.మీ., ఆయుధాల పరిధి 10,000 కి.మీ. అనుకుందాం. పరిధిలోకి వచ్చింది మొదలు దాటి వెళ్లిపోయేదాకా పట్టేది 1,000 సెకన్లు, అంటే 17 నిమిషాల లోపే. ఇలాంటి యుద్ధంలో మధ్యలో సరఫరా అనే ప్రశ్నే రాదు. ఉన్నదంతా వాడేసి, మళ్లీ ఎదురుపడేలోపు నింపుకోవాలి.

రెండో రకం యుద్ధం ఒక గ్రహం చుట్టూనో చంద్రుడి చుట్టూనో గంటల తరబడి, రోజుల తరబడి నడుస్తుంది. నౌకలు కక్ష్యల్లో తిరుగుతూ ఒకసారి ఎదురుపడతాయి, ఒకసారి చాటుకు పోతాయి. మందుగుండు సరఫరాకు అసలైన చోటు ఇదే. ఇకపై నేను చెప్పేది ఎక్కువగా దీని గురించే.

రకం తేలాక ఒక నోటుబుక్కులో మీ నౌక జమాఖర్చు రాయండి. ఇప్పటి సముద్రపు యుద్ధనౌకలనే చూడండి. అమెరికా వాళ్ల ఆర్లీ బర్క్ తరగతి డిస్ట్రాయర్లలో నిలువు లాంచ్ గొట్టాలు 90 లేదా 96 ఉంటాయి. వినడానికి చాలా అనిపిస్తుంది. కానీ వచ్చే ప్రతి మిస్సైల్ మీదా రెండేసి వదలాలనుకుంటే, 40 మిస్సైళ్ల దాడిని అడ్డుకోవడానికే 80 పోతాయి. ఇంతా చేసి శత్రువు మీద మీరు ఒక్కటి కూడా వదల్లేదు. దాడి కంటే కాపాడుకోవడమే ఎక్కువ ఖర్చు. చాలామంది రచయితలు ఈ లెక్క వేయరు. వేసి చూస్తే మీ కథానాయకుల నౌక మొదటి అధ్యాయం చివరికే ఖాళీ అవుతుంది, సరఫరా నౌక తనంతట తానే కథలోకి వచ్చేస్తుంది.

2. మందుగుండు అంటే సరిగ్గా ఏమిటి?

ఒక్కో ఆయుధానికి ఒక్కో ఆకలి. అది తేల్చకుండా సరఫరా సన్నివేశం మొదలుపెట్టకండి.

మిస్సైళ్ల సంగతి అందరికీ తెలిసిందే. బరువు, పొడవు ఎక్కువ. లోపల ఇంధనం, పేలుడు పదార్థం, సున్నితమైన ఎలక్ట్రానిక్స్ ఉంటాయి. అన్నిటికంటే ప్రమాదకరమైన సరుకు ఇదే.

విద్యుదయస్కాంత ఫిరంగిలో వాడే గుండు వట్టి లోహపు ముద్ద. 5 కిలోల గుండు సెకనుకు 10 కి.మీ. వేగంతో తగిలితే దాని గతిశక్తి 250 మెగాజౌళ్లు, దాదాపు 60 కిలోల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థంతో సమానం. అయినా పెట్టెలో ఉన్నంతసేపు అది రాయితో సమానమే, పేలదు. కాబట్టి ఇలాంటి నౌకకు గుండ్లు అందించడం తేలిక. దాని అసలు కొరత కరెంటు దగ్గర వస్తుంది.

లేజర్ నౌకకు మందుగుండే అక్కర్లేదని చాలామంది రాస్తారు. ఇక్కడ కాస్త ఆగండి. లేజర్ ఎంత వెలుగు పంపుతుందో అంతో, అంతకంటే ఎక్కువో వేడిని లోపలే వదులుతుంది. 10 మెగావాట్ల కిరణం, 40 శాతం సామర్థ్యం అనుకుంటే 15 మెగావాట్లు వృథా వేడి. శూన్యంలో వేడి రేడియేటర్ల ద్వారా మాత్రమే బయటికి పోతుంది. రేడియేటర్లు పెద్దవి, పల్చటివి, శత్రువు కొట్టడానికి అనువైనవి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఉన్న భారీ అమ్మోనియా రేడియేటర్లు వదలగలిగేది 70 కిలోవాట్లే. యుద్ధంలో రేడియేటర్లు ముడుచుకోవాల్సి వస్తే మిగిలే దారి నీటిని మరిగించి ఆవిరిని బయటికి వదిలేయడం. కిలో నీరు వేడెక్కి ఆవిరి కావడానికి సుమారు 2.6 మెగాజౌళ్లు తీసుకుంటుంది. 15 మెగావాట్లకు సెకనుకు ఆరు కిలోల దాకా నీరు కావాలి. పది టన్నుల నీళ్లు అరగంట కాల్పులకే సరి.

అంటే లేజర్ నౌకకు మందుగుండు నీళ్లే. యుద్ధం మధ్యలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే కెప్టెన్‌ను రాసి చూడండి. దాహం అనే మాటకు అక్కడ కొత్త అర్థం వస్తుంది.

3. సరుకుతో పాటు వేగాన్నీ మోసుకురావాలి

సముద్రంలో సరఫరా నౌక యుద్ధనౌక ఉన్న చోటికి వస్తే పని సగం అయినట్టే. అంతరిక్షంలో ఆ చోటికి రావడం ఒక్కటే సరిపోదు, అదే వేగంతో అదే దిశలో రావాలి. రెండు నౌకల మధ్య తేడా సెకనుకు 1 కి.మీ. ఉన్నా చాలు, అందించాల్సిన టన్ను బరువు మిస్సైల్ 500 మెగాజౌళ్ల శక్తితో మీ నౌకను గుద్దుతుంది. అప్పుడు శత్రువుతో పనే ఉండదు.

తేడాను తీసేయడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. సెకనుకు 10 కి.మీ. తేడా ఉందనుకోండి. సరఫరా నౌక భూమ్యాకర్షణ అంత త్వరణం ఇవ్వగలిగితే 17 నిమిషాలు చాలు. నిండుగా బరువెక్కిన నౌక అందులో పదోవంతే ఇవ్వగలిగితే 2 గంటల 50 నిమిషాలు. ఈ 2 గంటల 50 నిమిషాలూ దాని ఇంజిన్ మంట చీకట్లో దివిటీలా వెలుగుతూనే ఉంటుంది. ఆ మంట దిశ, తీవ్రత చూసి అది ఎక్కడికి, ఎప్పటికి చేరుతుందో శత్రువు లెక్క కట్టేస్తాడు.

ఇంధనం లెక్క ఇంకా కఠినం. ఇవాళ మనం వాడే రసాయన ఇంజిన్లలో మేలైనవి హైడ్రోజన్, ఆక్సిజన్‌తో నడిచేవి. వాటి పొగ బయటికి వచ్చే వేగం సెకనుకు సుమారు 4.5 కి.మీ. ఆ ఇంజిన్‌తో 10 కి.మీ. వేగం మార్చాలంటే 1,000 టన్నులతో బయల్దేరిన నౌకలో చివరికి మిగిలేది 110 టన్నుల లోపు. నౌక గోడలు, ఇంజిన్లు, మనుషులు, మందుగుండు అన్నీ అందులోనే. ఇక తిరిగి వెళ్లడానికి ఇంకో 10 కి.మీ. కావాలంటే ఆ 1,000 టన్నుల్లో మిగిలేది 12 టన్నులు. అంటే అది వెనక్కి వెళ్లే ప్రయాణం లేని నౌక.

ఇక్కడ రచయితగా మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. సెకనుకు 100 కి.మీ. వేగంతో పొగ వదిలే ఫ్యూజన్ ఇంజిన్‌ను ఊహించుకుంటే, రానుపోను ఖర్చు బయల్దేరిన బరువులో ఐదోవంతు లోపే. హాయిగా రాసుకోవచ్చు. ఇంజిన్ బలహీనం అనుకుంటే, సరఫరా నౌక రావడానికి ఒప్పుకోవడమే ఒక త్యాగం. నాకు ఈ రెండోదే నచ్చుతుంది. తిరుగు ఇంధనం లేదని తెలిసీ వేగం కలపడానికి ఇంజిన్ వెలిగించిన సిబ్బంది గురించి వేరే డైలాగులు రాయక్కర్లేదు, ఆ అంకెలే చెబుతాయి. ఏ ఇంజిన్ ఎంచుకున్నా సరే, దాన్ని కథ చివరిదాకా మార్చకండి.

4. చాటు వెతకండి

అంతరిక్షంలో దాక్కోవడం కష్టం. మనుషులు బతికి ఉండేంత వెచ్చగా ఉన్న నౌక, చల్లటి నేపథ్యంలో పరారుణ కిరణాల్లో కనబడిపోతుంది. కనబడకుండా ఉండాలంటే ఏదైనా పెద్ద వస్తువు వెనక్కి వెళ్లాలి.

చంద్రుడి చుట్టూ 100 కి.మీ. ఎత్తున ఒక చుట్టుకు దాదాపు 2 గంటలు పడుతుంది. అపోలో యాత్రల్లో నౌక చంద్రుడి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ సుమారు 45 నిమిషాలు భూమితో రేడియో సంబంధం తెగిపోయేది. దూరంగా ఒకేవైపు నిలిచిన శత్రువుకు మీ నౌక కనబడని సమయం కూడా ఇంచుమించు అంతే. ఆ 45 నిమిషాలే మీ సన్నివేశం నిడివి. ఇంత చక్కటి గడియారాన్ని ప్రకృతే అమర్చి ఇచ్చింది, వాడుకోండి.

సరఫరా నౌక కూడా వేగం తగ్గించుకునే మంటను ఆ చాటులోనే వెలిగించాలి. అది చాటుకు వెళ్లడాన్ని శత్రువు చూస్తాడు, రావాల్సిన సమయానికి రాకపోతే లోపల ఏదో జరుగుతోందని ఊహిస్తాడు. అందుకే తెలివైన దళాధిపతి ముందు రెండుమూడు చుట్లలో ఖాళీ నౌకలతో ఇదే తంతు నడిపిస్తాడు. నిజంది ఏదో తేల్చుకోలేక శత్రువు విసిగిపోవాలి. ఇక శత్రువు చిన్న నిఘా ఉపగ్రహాలను చంద్రుడి వెనక ముందే చల్లి ఉంటే చాటు అన్నదే లేదు. వాటిని ముందుగా ఏరిపారేయడం ఒక విడి అధ్యాయానికి సరిపడా పని.

5. చేతులు మార్చే పద్ధతి

ఈ విషయంలో సముద్రం మనకు నూరేళ్ల పాఠాలు దాచి ఉంచింది. 1917లో అమెరికా ఇంధన నౌక మామీ, ఐర్లండ్ వెళ్తున్న డిస్ట్రాయర్లకు అట్లాంటిక్ మధ్యలో ఆగకుండానే చమురు నింపింది. ఆ పద్ధతిని రూపొందించినవాళ్లలో ఆ నౌక అధికారి చెస్టర్ నిమిట్జ్ ఒకరు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపించింది ఆయనే. 1945లో ఇవో జిమా సమయానికి చమురుతో పాటు మందుగుండునూ నడిసముద్రంలోనే అందించడం మొదలైంది. ఇప్పటికీ రెండు నౌకలు యాభై మీటర్ల ఎడంతో, ఒకే వేగంతో పక్కపక్కన వెళ్తూ, మధ్యలో బిగించిన ఉక్కు తాడు మీద సరుకు జార్చుకుంటాయి.

అయితే మిస్సైల్ గొట్టాలు నింపడం ఈనాటికీ గట్టి సమస్యే. అమెరికా నిలువు లాంచర్లలో మొదట్లో మూడేసి గొట్టాల చోటును ఒక మడత క్రేన్‌కు కేటాయించారు. 64 గొట్టాలు పట్టే చోట 61 వచ్చేవి. ఊగే సముద్రంలో ఆ క్రేన్ పనికిరాలేదు, తర్వాతి నౌకల్లో తీసేశారు. 2024 అక్టోబరులో చోసిన్ అనే క్రూయిజర్‌లోకి సముద్రం మీద, కొత్త రకం యంత్రంతో, ఒక ఖాళీ మిస్సైల్ డబ్బాను దించి చూపించడం పెద్ద వార్త అయింది. ఒక్క ఖాళీ డబ్బా! మీ కథలో వంద మిస్సైళ్లు పది నిమిషాల్లో ఎక్కించే ముందు దీన్ని గుర్తుంచుకోండి. అంతరిక్షంలో అలలు లేవు, అది మనకు కలిసొచ్చే సంగతి. మిగతా తిప్పలన్నీ ఉన్నాయి.

అంతరిక్షానికి నాలుగు పద్ధతులు పనికొస్తాయి.

నేరుగా డాకింగ్. రెండు నౌకలూ గట్టిగా పట్టుకుంటాయి, సరుకు లోపలి దారిలో వెళ్తుంది. సోయుజ్ లాంటి నౌకలు కేంద్రాన్ని తాకే వేగం సెకనుకు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే పాకే పసిపిల్ల వేగం కంటే తక్కువ. తొందరపడితే ఏమవుతుందో 1997 జూన్ 25న తెలిసింది. చేత్తో నడిపిస్తూ డాకింగ్ పరీక్ష చేస్తుండగా ప్రోగ్రెస్ సరఫరా నౌక రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రాన్ని గుద్దింది. స్పెక్టర్ అనే గదికి చిల్లు పడి గాలి పోసాగింది. తలుపు వేద్దామంటే దాని గుండా కేబుళ్లు వెళ్తున్నాయి. వాటిని తెంచి, ఊడదీస్తే తప్ప ఆ గదిని మూయలేకపోయారు. తెరిచిన తలుపుల గుండా గొట్టాలు, తీగలు సాగదీసి ఉన్న నౌక ఎంత నిస్సహాయమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తాకకుండా పక్కన నిలబడి అందించడం. యాభై మీటర్ల దూరంలో నిలిచి, పొడవాటి యంత్రపు చెయ్యితోనో పట్టాల మీదనో డబ్బాలు పంపడం. అంతరిక్ష కేంద్రం మీద ఉన్న కెనడార్మ్ 2 పొడవు 17 మీటర్లు, అది సరుకు నౌకలను గాల్లోంచి బంతిని పట్టినట్టు పట్టుకోగలదు. ఆపద వస్తే విడిపోవడం తేలిక కాబట్టి యుద్ధంలో ఈ పద్ధతే మేలు. నౌకను కొద్దికొద్దిగా జరిపే చిన్న ఇంజిన్ల (థ్రస్టర్ల) పొగ ఎదుటి నౌక మీద పడకుండా చూసుకోవడం ఇందులో నేర్పు.

మొత్తం పెట్టెనే మార్చేయడం. ఒక్కో మిస్సైల్ ఎక్కించే బదులు, ముప్పై గొట్టాలున్న పెట్టెను మొత్తంగా ఊడదీసి నిండు పెట్టెను బిగించడం. వేగంగా అయిపోతుంది. కానీ ఆ పెట్టె బిగిసే కీళ్లు నౌక కవచంలో బలహీనమైన చోట్లు. ఏ సౌకర్యానికైనా ఇలాంటి ధర కట్టండి, కథ బరువు నిలుస్తుంది.

నాలుగోది నాకు చాలా ఇష్టమైనది. అసలు లోపలికి ఎక్కించకపోవడం. మిస్సైల్ అంటే తనకంటూ ఇంజిన్, కళ్లు, మెదడు ఉన్న చిన్న నౌక. బరువు లేదు, వర్షం లేదు, దాన్ని గొట్టంలో దాచాల్సిన అవసరం ఏముంది? సరఫరా నౌక వాటిని కక్ష్యలో గుంపుగా వదిలేసి వెళ్తుంది. యుద్ధనౌకకు అందాల్సింది వాటిని నడిపే రహస్య సంకేతాలు మాత్రమే. ఇందులో డాకింగ్ లేదు, క్రేన్ లేదు. బదులుగా కొత్త భయాలు వస్తాయి. సంకేతం శత్రువు చేతికి చిక్కితే మీ మిస్సైళ్లే మీ మీదికి వస్తాయి. దూరం పెరిగితే ఆజ్ఞ ఆలస్యమవుతుంది. 3 లక్షల కి.మీ. దూరానికి ఒక సెకను, మాట వెళ్లి జవాబు రావడానికి రెండు. గొట్టంలో భద్రంగా ఉండాల్సినవి బయట ఎండకూ చీకటికీ నానా యాతన పడతాయి. ఈ పద్ధతి ఎంచుకుంటే మీ ఉత్కంఠ యంత్రాల గదిలోంచి సంకేతాల గదికి మారుతుంది.

6. లోపలికి దింపేటప్పుడు

బరువు లేకపోవడం వేరు, ద్రవ్యరాశి లేకపోవడం వేరు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మీ మందుగుండు గది సజీవంగా ఉంటుంది. 3 టన్నుల డబ్బా సెకనుకు 2 మీటర్ల వేగంతో, అంటే వడివడిగా నడిచే మనిషంత వేగంతో, గోడవైపు తేలుతూ వస్తోంది. మధ్యలో ఒకడు ఇరుక్కున్నాడు. ఆ డబ్బా 5 సెంటీమీటర్లలో ఆగితే అతని మీద పడే బలం 12 టన్నుల బరువుతో సమానం. చప్పుడు లేకుండా, నెమ్మదిగా, తప్పించుకోవడానికి వీల్లేకుండా. ఒక్క చేత్తో మిస్సైల్‌ను నెట్టే హీరోను రాయకండి, నెట్టడం కుదురుతుంది కానీ ఆపడమే కుదరదు.

డబ్బాలు ఎక్కే కొద్దీ నౌక ద్రవ్యకేంద్రం జరుగుతుంది. ఎడమవైపు గొట్టాలన్నీ నిండి, కుడివైపు ఖాళీగా ఉండగా ఇంజిన్ వెలిగిస్తే నౌక గిరగిరా తిరుగుతుంది. అందుకే ఇటొకటి అటొకటి ఎక్కించాలి. సగంలో పారిపోవాల్సి వచ్చినప్పుడు కూడా సమతూకం ఉండేలా ఆ వరుసను ముందే రాసిపెట్టుకోవాలి.

రెండు నౌకల మీదా స్థిర విద్యుత్తు వేర్వేరుగా పేరుకుని ఉంటుంది. తాకిన క్షణంలో మెరుపు పుట్టొచ్చు. పేలుడు పదార్థం కదిలే ముందు ఒక తీగతో రెంటినీ కలిపి సమం చేయాలి. రాడార్ సంగతి ఇంకా మంచి కథావస్తువు. బలమైన రేడియో తరంగాలు పేలుడును మొదలుపెట్టే డిటోనేటర్లను రగిలించగలవు కాబట్టి సముద్రపు నౌకల్లో మందుగుండు కదిలేటప్పుడు కొన్ని ట్రాన్స్‌మిటర్లను ఆపేసే నియమం ఉంది. అదే నియమం మీ నౌకలో పెట్టండి. నింపుకుంటున్నంతసేపూ కెప్టెన్ కళ్లకు గంతలు కట్టినట్టే.

ఇక తొందర. 1916 మే 31న జట్లండ్ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల ఇండిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్ అనే మూడు బాటిల్ క్రూయిజర్లు పేలిపోయి 3,300 మందికి పైగా చనిపోయారు. వేగంగా కాల్చాలన్న ఆత్రంలో మందు సంచులను గదుల బయట పోగుపెట్టడం, అడ్డు తలుపులు తెరిచి ఉంచడం అందుకు పెద్ద కారణమని తర్వాత తేలింది. 1967 జులై 29న ఫారెస్టల్ అనే విమానవాహక నౌక మీద ఒక విమానాన్ని బయటి కరెంటు నుంచి దాని సొంత కరెంటుకు మార్చే సమయంలో దాని రాకెట్ ఒకటి తనంతట తానే దూసుకెళ్లింది, 134 మంది పోయారు. మంటల్లో అంత త్వరగా పేలినవి ముందు రోజే మందుగుండు నౌక నుంచి తీసుకున్న పాతకాలపు బాంబులు. సరఫరా సమయానికి వచ్చింది, కానీ వచ్చిన సరుకు చెడ్డది. ఈ పరిస్థితిని కథలో పెట్టినవాళ్లు తక్కువ, మీరు పెట్టండి. కాలం తీరిన మిస్సైళ్లు వచ్చాయి, వద్దంటే ఖాళీ చేతులతో యుద్ధానికి వెళ్లాలి, తీసుకుంటే అవి ఏ క్షణాన పేలుతాయో తెలియదు. మందుగుండు అధికారి సంతకం పెట్టాలి.

7. శత్రువు కూర్చుని చూస్తూ ఉండడు

శత్రువు కోరుకునేది మీరు నింపుకుంటున్న క్షణమే. 1942 జూన్ 4న మిడ్‌వే దగ్గర జపాన్ విమానవాహక నౌకలు బాంబులు, టార్పెడోలు మార్చుకునే పనిలో ఉన్నాయి. తీసేసినవి కింది గదులకు చేరకుండా హ్యాంగర్లలోనే ఉన్నాయి. అప్పుడు పడ్డ అమెరికా బాంబులకు కొద్ది నిమిషాల్లో మూడు నౌకలు అంటుకున్నాయి. నాలుగోది కూడా ఆ రోజే దెబ్బతింది.

సరఫరా నౌకను కొట్టడం ఇంకా లాభం. దానికి కవచం తక్కువ, మందుగుండు ఎక్కువ. 1944 నవంబరు 10న మానస్ దీవి రేవులో మౌంట్ హుడ్ అనే మందుగుండు నౌక సుమారు 3,800 టన్నుల సరుకుతో పేలిపోయింది. 400 మందికి పైగా చనిపోయారు, చుట్టుపక్కల నౌకలూ దెబ్బతిన్నాయి. శూన్యంలో పేలుడు తరంగం ఉండదు కాబట్టి దూరంగా ఉన్నవాళ్లకు ముప్పు తగ్గుతుంది. పక్కనే ఉన్నవాళ్లకు ముక్కలు అదే వేగంతో తగులుతాయి, మధ్యలో గాలి లేదు కనుక ఎంత దూరమైనా ఆ వేగం తగ్గదు. కక్ష్యలో జరిగితే ఆ ముక్కలే మళ్లీ మళ్లీ చుట్టి వస్తాయి. ఒకసారి పేలిన చోట మళ్లీ నింపుకోవడానికి రావడం కుదరదు.

అందుకే కాపలా నౌకలు లేకుండా సరఫరాను పంపకండి. దళంలో నౌకలన్నీ ఒకేసారి నింపుకోవడానికి వెళ్లకూడదు. మూడింట ఒకటి చాటులో, రెండు ముందు. ఈ వంతుల పద్ధతిలో ఎవరు ముందు, ఎవరు ఆఖరు అన్నదే కెప్టెన్ల మధ్య మనస్పర్థలకు సరిపడా కారణం.

8. ఆ 45 నిమిషాలను రాయడం

ఇప్పుడు అన్నీ కలిపి ఒక సన్నివేశం కడదాం. 96 గొట్టాల నౌక, 4 మిగిలాయి. చంద్రుడి వెనక్కి వెళ్లింది. సరఫరా నౌక అప్పటికే అక్కడుంది.

మొదటి 12 నిమిషాలు దగ్గరికి రావడం. ఇక్కడ మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ ఉండాలి. దూరం, వేగం, దూరం, వేగం. చదివేవాడు కూడా ఊపిరి బిగబట్టాలి. తర్వాత 3 నిమిషాలు తీగలు కలపడం, రాడార్ ఆపడం. రాడార్ తెర నల్లబడిన క్షణం మీద ఒక పేరా నిలపండి.

22 నిమిషాలు ఎక్కించడం. నాలుగు పట్టాలు, ఒక్కో డబ్బాకు రెండున్నర నిమిషాలు. లెక్కప్రకారం పట్టాకు ఎనిమిది, మొత్తం 32. అంటే అంతా సవ్యంగా జరిగినా నిండేది మూడోవంతే. ఈ అంకెను సన్నివేశం మొదట్లోనే పాఠకుడికి చెప్పేయండి. దాచిపెట్టి చివర్లో ఆశ్చర్యపరచడం కంటే, ముందే చెప్పి ఒక్కో డబ్బా లెక్కపెట్టించడం ఎక్కువ బిగువు ఇస్తుంది. పద్నాలుగో డబ్బా దగ్గర ఒక పట్టా మొరాయించనివ్వండి. దాన్ని బాగుచేయాలా, మూడింటితో సరిపెట్టాలా? బాగుచేయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఇక్కడ నిర్ణయం తీసుకునేది కెప్టెన్ కాకుండా పట్టా పక్కనున్న సార్జెంట్ అయితే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అడిగే వ్యవధి లేదు.

5 నిమిషాలు విడిపోవడానికి, 3 నిమిషాలు చేతిలో. ఈ చివరి మూడింటినీ ఎవరో ఒకరు ఖర్చుపెట్టేయాలి.

అత్యవసరంగా విడిపోవడం ఎలాగో ముందే నిర్ణయించుకోండి. సముద్రపు నౌకల్లో తాడు దగ్గరే గొడ్డలి సిద్ధంగా ఉంటుంది. మీ నౌకలో కీళ్లను పేల్చి తెంచే మీటలు ఉండొచ్చు. మధ్య దారిలో వేలాడుతున్న డబ్బా ఏమవుతుంది, పట్టాల మీదున్న మనిషి ఏ నౌకలో మిగిలిపోతాడు అన్నవి అప్పుడు ప్రశ్నలు. 1966 మార్చి 16న జెమిని 8 మొట్టమొదటి డాకింగ్ చేసిన కాసేపటికే ఒక థ్రస్టర్ ఆగకుండా మండి నౌక గిరికీలు కొట్టసాగింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ జంట నౌకలోనే లోపం ఉందనుకుని విడదీశాడు, తిరగడం ఇంకా పెరిగి సెకనుకు దాదాపు ఒక చుట్టుకు చేరింది. లోపం తన నౌకలోనే ఉంది. విడిపోతే సమస్య పోతుందనుకున్న పాత్రకు ఇలాంటి దెబ్బ తగలనివ్వండి.

చంద్రుడి అంచు దాటి వెలుగులోకి రాగానే రాడార్ మళ్లీ వెలుగుతుంది. అక్కడ ఏం కనబడుతుందో మీ కథ ఇష్టం. కానీ ఆ తెర చూసే ముందు మందుగుండు అధికారి చేత అంకె పలికించండి. అంతా సవ్యంగా జరిగి ఉంటే 36 అనాలి. మొరాయించిన పట్టాను వదిలేసి ఉంటే అంతకంటే తక్కువ. ఆ అంకెను మీ నోటుబుక్కులో తర్వాతి పేజీ పైన రాసుకుని, అక్కడి నుంచి ఒక్కో మిస్సైల్ వదిలిన ప్రతిసారీ ఒక్కోటి కొట్టేస్తూ రండి.